కథలో చలికి వణికేవాళ్ళకి కోటు ఇప్పించడం ఎలా?

కథలు రాయడం మొదలుపెట్టినవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది. "బయట చలి, ఆమె వణుకుతోంది, అతను తన కోటు తీసి ఇస్తాడు. రాసేటప్పుడు బాగానే ఉంది, చదువుకుంటే మాత్రం సినిమాలా ఉంది. ఏం చెయ్యాలి?" అమ్మాయి బదులు ముసలాయన కావచ్చు, తప్పిపోయిన పిల్లాడు కావచ్చు, ప్రశ్న మాత్రం అదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం నా వల్ల కావట్లేదు, అందుకని నాకు తెలిసిందంతా ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందు నా తప్పు చెప్పుకుంటా. మొదట్లో రాసిన ఒక కథలో మా బెజవాడ కుర్రాడు అర్ధరాత్రి బస్సు దిగి "తన జాకెట్ విప్పి ఆమెకిచ్చాడు". ఒక పత్రికకి పంపితే తిరిగొచ్చింది. ఆ వాక్యం కింద ఎర్ర గీత, పక్కన "ఎవరి జాకెట్?" అని రెండే ముక్కలు. అర్థం కాక అమ్మకి చూపిస్తే ఆవిడ కాసేపు నవ్వు ఆపుకోలేకపోయింది. మన ఇళ్ళల్లో జాకెట్ అంటే రవికే కదా. పైగా ఆ కథ జరిగేది ఏప్రిల్‌లో! బెజవాడలో ఏప్రిల్‌లో చలేంటో నాకే తెలియాలి.

ఏమేం కావాలి

- చలి. అంటే ఊరు, నెల, గంట. ఈ మూడూ తెలియకుండా మొదలుపెట్టొద్దు.
- ఒకే ఒక్క బట్ట, దానికి సరైన పేరు.
- అది చెయ్యి జారితే ఇచ్చినవాళ్ళకి కలిగే ఇబ్బంది.
- తీసుకునేవాళ్ళు వద్దనడానికి ఒక కారణం.
- సీను అయ్యాక ఆ బట్ట ఎక్కడికి పోతుందో మీకు తెలిసి ఉండటం. పాఠకుడికి చెప్పినా చెప్పకపోయినా సరే.

ఇక పని మొదలుపెడదాం.

1. ముందు చలి పుట్టించండి

మనది వేడి దేశం. "చలి ఎముకలు కొరుకుతోంది" అని రాయగానే పాఠకుడు నమ్మేయడు, ఏ ఊళ్ళో అని అడుగుతాడు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు డిసెంబరు, జనవరి రాత్రులైతే అనుమానం అక్కర్లేదు, పది డిగ్రీల కిందికి పోవడం అక్కడ మామూలే. చింతపల్లి దగ్గర లంబసింగి అయితే ఇంకా కిందికి, సున్నా దగ్గర దాకా కూడా వెళ్తుంది. అరకు కూడా పనికొస్తుంది. కానీ కథ కాకినాడలోనో నెల్లూరులోనో జరుగుతుంటే ఇంత చలి ఎక్కడినుంచి తెస్తారు? దానికీ దారులున్నాయి. తుఫాను వానలో తడిసి గాలికి నిలబడ్డ మనిషి ఏ ఊళ్ళోనైనా వణుకుతాడు. రాత్రి ఏసీ బస్సులో నెత్తి మీద గాలి గొట్టం మూత ఊడిపోయి, దాంట్లో కర్టెన్ కుక్కుకుంటూ తెల్లవార్లూ కూర్చున్న అనుభవం మనలో సగం మందికి ఉంటుంది. పెద్దాసుపత్రిలో ఐసీయూ బయట గచ్చు మీద పడుకున్న రాత్రి ఇంకోటి. అక్కడి చలికి డిగ్రీలతో పని లేదు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో సులువు ఉంది. చికాగోలో జనవరిలో మైనస్ 15 దాకా పడే రోజులుంటాయి. మొదటిసారి వచ్చిన అమ్మానాన్నలు పట్టుచీర మీద పల్చటి స్వెటరు వేసుకుని విమానాశ్రయం తలుపు దాటి బయటికి అడుగు పెడతారు. ఆ ఒక్క అడుగు రాయండి చాలు.

ఏది ఎంచుకున్నా చలి అన్న మాట వాడకుండా మూడు వాక్యాలు రాసి చూడండి. ఇనుప బెంచీ మీద కూర్చోలేక లేవడం, టీ గ్లాసు తాగకుండా రెండు చేతుల మధ్య పట్టుకుని ఉండటం, అగ్గిపుల్ల గీయలేకపోవడం. ఇవి కుదిరాక కావాలంటే ఆ మాట వాడుకోండి.

2. బట్టకి పేరు పెట్టండి

"వెచ్చటి వస్త్రం" అని రాసేవాళ్ళున్నారు. దయచేసి వద్దు. బట్ట పేరు చెప్తే ఆ మనిషి ఎక్కడివాడో, ఏం చేస్తాడో సగం చెప్పేసినట్టే.

గొంగడి తీసుకోండి. దక్కనీ గొర్రెల ఉన్నితో నేస్తారు, చింతగింజల గంజి పెడతారు, అందుకే బిర్రుగా ఉంటుంది, ఒంటికి గరుకుగా తగులుతుంది, చిన్నపాటి వానకి నీళ్ళు లోపలికి దిగవు. మంద వెంట తిరిగే మనిషికి అదే గొడుగు, అదే పరుపు. దానికి వాసన కూడా ఉంటుంది, ఆ వాసన మీ సీనుకి బంగారం. బొంత వేరు. ఇంట్లోవాళ్ళ పాత చీరలన్నీ అందులో ఉంటాయి, కప్పుకున్న పిల్ల తన నాయనమ్మ చీర రంగు గుర్తుపట్టొచ్చు. నూలు తువ్వాలు పల్చటిది, దాంతో చలి ఆగదు. ఆగదని తెలిసీ తీసి ఇచ్చాడంటే అది ఇంకో కథ. తల్లి కొంగు సంగతి ఇంకా వేరు. తల్లి ఏమీ విప్పదు, పిల్లాణ్ణి లోపలికి లాక్కుంటుంది, ఇద్దరూ ఒకే బట్టలో ఉంటారు. కుర్రాళ్ళకి జర్కిన్, స్వెటరు, మంకీ క్యాప్ ఉండనే ఉన్నాయి. (మంకీ క్యాప్ ఇప్పించిన ప్రేమకథ నేనింతవరకు చదవలేదు. ఎవరైనా రాస్తే నాకు చెప్పండి.)

హెచ్చరిక: శాలువాతో జాగ్రత్త. "ఆయన ఆమెకి శాలువా కప్పాడు" అని తెలుగులో రాస్తే సన్మానం చేశాడని అర్థం. వెనక ఫ్లెక్సీ, పక్కన మెమెంటో కూడా కనబడతాయి. శాలువానే కావాలంటే "నాన్న కప్పుకున్న శాలువా తీసి ఇచ్చాడు" అని తిప్పి రాయండి. లేదా ఆ అర్థాన్నే వాడుకోండి. సన్మానాల్లో వచ్చిన శాలువాలు బీరువా నిండా ఉన్న పెద్దాయన, వాటిలో ఒకటి తీసి వాచ్‌మన్ చేతిలో పెట్టడం బాగానే ఉంటుంది.

3. క్రియ దగ్గర ఆగండి

అందరూ "కప్పాడు" అని రాసి ముందుకెళ్ళిపోతారు. కప్పడం, చుట్టడం, భుజాల మీద వెయ్యడం, చేతికివ్వడం, పక్కన పెట్టడం, విసరడం... ఇవన్నీ ఒకటి కాదు. కప్పాడంటే ముట్టుకునేంత దగ్గరికి వచ్చాడు. చేతికిచ్చాడంటే వేసుకోవాలో వద్దో ఆమెకి వదిలేశాడు. సీటు మీద పెట్టి అటు తిరిగి కూర్చున్నాడంటే సిగ్గరి అయినా అయ్యుండాలి, తెలివైనవాడైనా అయ్యుండాలి. "కప్పుకో ముందు" అని విసిరాడంటే అన్నయ్యో, చిన్నప్పటి స్నేహితుడో.

ఇంకో సంగతి. కప్పడం అన్న మాటకి మన దగ్గర చావు వాసన కూడా ఉంది. నిద్రపోతున్న మనిషికి "నిండా కప్పాడు" అని రాస్తే పాఠకుడు ఉలిక్కిపడతాడు. మెడ దాకా అని రాయండి.

4. ఇచ్చినవాడికి చలి వెయ్యాలి

వీటన్నిటిలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్నే ఉంచుకోండి. నేను చదివిన పది కథల్లో తొమ్మిదింట కోటు ఇచ్చేశాక అతనికి చలి మాయమైపోతుంది. ఉత్త చొక్కాతో నిలబడి చక్కగా డైలాగులు చెప్తుంటాడు. అదే చలి, అదే గాలి, అతనికి మాత్రం ఏమీ కాదు! అంటే ఆ కోటు అతనికి మొదటినుంచీ అక్కర్లేదన్నమాట, అక్కర్లేనిది ఇస్తే అందులో ఏముంది?

రోము సైనికుడు మార్టిన్ కథ చాలామందికి తెలుసు. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న ఆమియేన్ పట్నం గుమ్మం దగ్గర, బట్టల్లేని బిచ్చగాడికి తన అంగీని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చాడు. తర్వాత క్రైస్తవులకి సెయింట్ అయ్యాడు. నాకు ఆ కథలో నచ్చేది కత్తి కాదు. మిగిలిన సగం కప్పుకుని నిలబడితే చూసినవాళ్ళలో కొందరు నవ్వారట. ఇంత పెద్ద పుణ్యకథలో ఆ నవ్వు ఉంచినవాడెవరో మనిషి తెలిసినవాడు. ఇచ్చినవాడు ఎలా కనబడుతున్నాడో మీరూ ఒక్క వాక్యం రాయండి. కోటు తీశాక లోపలి చొక్కాకి బొత్తాం లేకపోవచ్చు, భుజం దగ్గర చిరిగి ఉండొచ్చు. బయటికి చూపించకూడదనుకున్నదేదో కోటుతోపాటు బయటపడుతుంది.

ఇచ్చినంత మాత్రాన మంచివాడు అయిపోవాలని కూడా లేదు. తమిళ సంగం పద్యాల్లో పేగన్ అనే రాజున్నాడు. అడవిలో నెమలి చలికి వణుకుతోందనుకుని తన పైబట్ట ఇచ్చేశాడు. అది కట్టుకోదు, కప్పుకోదు అని తెలిసీ ఇచ్చాడని ఆయన్ని ఒక కవి పొగిడాడు. అదే పేగన్ కట్టుకున్న భార్యని వదిలేసి ఉంటే, ఆవిడ దగ్గరికి వెళ్ళమని కవులే బతిమాలారు. నెమలికి అంగీ ఇచ్చినవాడా, మేం కానుకల కోసం రాలేదు, ఇంటికి వెళ్ళు అన్న ధోరణిలో సాగుతుంది ఒక పద్యం. దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి మాట. ఈ ఒక్క మనిషి మీద ఒక నవల రాయొచ్చు.

5. వద్దనిపించండి

నిజంగా చలేస్తున్నవాళ్ళు కూడా మొదటిసారి "పర్లేదండీ" అంటారు. మన అలవాటు అది, మంచినీళ్ళకి కూడా అంటాం. కానీ మీ పాత్ర వద్దనడానికి మర్యాద ఒక్కటే కారణమైతే తేలిపోతుంది, అసలు కారణం వెతకండి.

రాత్రి పదకొండింటికి ఖాళీ బస్టాండులో తెలియని మగాడు దగ్గరికొచ్చి కోటు తీస్తుంటే ఆమెకి కృతజ్ఞత కాదు, భయం వేస్తుంది. ఇది రాయకుండా దాటేసే కథలు ఎక్కువ, రాసేవాళ్ళలో మగవాళ్ళం ఎక్కువ కాబట్టి అనుకుంటా. ఇంకో కారణం కులం. ఊళ్ళో ఎవరి దుప్పటి ఎవరు కప్పుకుంటారన్నది చిన్న విషయం కాదు. ఇచ్చేవాడు తటపటాయించొచ్చు, తీసుకునేవాళ్ళు బిగుసుకుపోవచ్చు, చూసేవాళ్ళు రేపు ఏమంటారో ఇద్దరికీ తెలిసి ఉండొచ్చు. దాన్ని ఉపన్యాసం చెయ్యకుండా ఒక్క చెయ్యి వెనక్కి తగ్గడంతో చూపించండి.

ప్రత్యామ్నాయం: నేరుగా ఇవ్వడం కుదరకపోతే మధ్యలో ఇంకొకరిని పెట్టండి. కండక్టరు చేత ఇప్పించొచ్చు, చిన్నపిల్లని అడ్డం పెట్టుకుని "పాపకి కప్పండి" అనొచ్చు. పాప పేరు చెప్పి తల్లికి ఇవ్వడం మన బస్సుల్లో రోజూ జరిగేదే.

6. తడి ఉంటే లెక్క మారుతుంది

ఇక్కడ కొంచెం ఒంటి సంగతి తెలియాలి. కోటు వేడిని పుట్టించదు, ఒంట్లో ఉన్న వేడిని పోనివ్వదు, అంతే. తడి బట్టల మీద కోటు వేస్తే పెద్దగా లాభం లేదు, ముందు తడి విప్పాలి. తడిసిన నూలు ఒంటికి అతుక్కుని ఉన్న వేడిని లాగేస్తుంది, ఉన్ని కొంచెం తడిసినా పర్వాలేదు. కాబట్టి చెరువులో పడ్డ పిల్లాణ్ణి తీసి అలాగే దుప్పట్లో చుట్టేస్తే చదివే డాక్టరు నొసలు చిట్లిస్తాడు. బట్టలు విప్పే ఆ రెండు నిమిషాలే మీకు సీను ఇస్తాయి, ముఖ్యంగా పరాయివాళ్ళ మధ్య.

ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి పడితే ప్రమాదమే. ఇంకా కిందికి పోతుంటే వణుకు పెరగదు, తగ్గిపోతుంది. మాట ముద్దగా వస్తుంది, వేళ్ళు పనిచెయ్యవు. "ఆమె కోటు బొత్తాలు పెట్టుకుంది" అని రాసే ముందు ఆ వేళ్ళతో పెట్టుకోగలదా అని చూడండి. పెట్టుకోలేక వదిలేసి, రెండు అంచులూ పిడికిట్లో పట్టుకుందని రాస్తే అది నిజం. బ్రాందీ పట్టించి బాగుచేసే సీన్లు కూడా మానండి. మందు లోపల వెచ్చగా అనిపిస్తుంది కానీ ఒంటి వేడిని ఇంకా బయటికి పంపేస్తుంది.

7. ఇప్పుడు సీను రాయండి

నాకొచ్చే కథల్లో సాధారణంగా ఇలా ఉంటుంది:

"చలి ఎముకలు కొరికేస్తోంది. ఆ అమ్మాయి గజగజ వణుకుతోంది. ముసలాయన గుండె కరిగింది. తన గొంగడి తీసి ఆప్యాయంగా కప్పాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి."

ఇందులో తప్పేమీ లేదు, కానీ ఏమీ జరగలేదు. దీన్నే ఇలా మార్చి చూశాను:

"ఆఖరి బస్సు పోయింది. బెంచీ ఇనుపది. పిల్ల కూర్చోలేక లేచింది, నిలబడలేక మళ్ళీ కూర్చుంది.

'ఏడికి బిడ్డా?'

'కరీంనగర్. పొద్దున పరీక్ష ఉంది.'

'ఐదింటికున్నది బస్సు.' ముసలాయన భుజం మీది గొంగడి తీసి, బెంచీ మీద ఆమెకీ తనకీ మధ్య పరిచాడు. 'ఇనుము సల్లగుంటది. దీని మీద కూసో.'

జరిగి కూర్చుంది. గొర్రెల వాసన. కాసేపు ముక్కు అటు తిప్పుకుంది. ఇంకాసేపటికి ఒక అంచు కాళ్ళ మీదికి లాక్కుంది. తర్వాత ఎప్పుడో, మొత్తం.

ముసలాయన బీడీ నోట్లో పెట్టుకుని పుల్ల గీశాడు. ఆరిపోయింది. రెండోదీ, మూడోదీ.

'గాలి,' అన్నాడు.

గాలి లేదు."

చూడండి, ఇక్కడ కప్పుకోమని ఎవరూ అనలేదు, ఆమే లాక్కుంది. వద్దనడానికి కారణం వాసన, అది గొంగడి నుంచే వచ్చింది. ఆప్యాయత అన్న మాట లేదు. ఆయనకి చలేస్తోందని పుల్లలు చెప్పాయి, ఆయన మాత్రం గాలి మీదికి నెట్టేశాడు. కృతజ్ఞత రాయలేదు, రాయాలనిపిస్తే ఐదింటి బస్సు దగ్గర రాసుకోవచ్చు.

8. బట్టని మర్చిపోవద్దు

నలదమయంతుల కథలో ఇద్దరికీ కలిపి ఒకే బట్ట మిగులుతుంది. నిద్రపోతున్న దమయంతి ఒంటి మీది ఆ బట్టని నలుడు కత్తితో కోసి, సగం చుట్టుకుని వెళ్ళిపోతాడు. మన సీనుకి ఇది పూర్తిగా తలకిందులు, ఒంటి మీద బట్ట కప్పడం కాదు, కోసుకుపోవడం. కానీ దమయంతికి మిగిలిన సగం బట్ట అక్కడితో ఆగదు. అదే కట్టుకుని అడవులు దాటి చేది నగరంలోకి అడుగుపెడితే పిల్లలు వింతగా చూస్తూ ఆమె వెంట పడతారు. అలా బట్టని కథలో ముందుకి నడిపించండి. తిరిగివ్వడానికి వెళ్ళడం, ఇవ్వకుండా దాచుకోవడం, ఉతికి ఇస్తే వాసన పోయిందని బాధపడటం, ఇంట్లో "ఎవరిదే ఈ స్వెటరు" అని నిలదీయడం, దేన్నుంచైనా కథ నడుస్తుంది.

ఎక్కువగా చేసే తప్పులు

కోటు సైజు పట్టించుకోకపోవడం. ఆరడుగుల మనిషి కోటు పదేళ్ళ పిల్లకి మోకాళ్ళ కింద దాకా వస్తుంది, చేతులు లోపలెక్కడో ఉండిపోతాయి.

ఇచ్చేటప్పుడు ఉపన్యాసం. "ఈ లోకంలో మనిషికి మనిషే తోడు" అంటూ ఇచ్చేవాడి కోటు నేనైతే తీసుకోను.

తీసుకున్నవాళ్ళు వెంటనే ప్రేమలో పడిపోవడం. చలేస్తున్న మనిషికి ముందు చలి తగ్గాలి, మిగతావన్నీ తర్వాత.

తీసుకునేవాళ్ళని ఉత్త దీనంగా ఉంచడం. వాళ్ళకి కోపం రావచ్చు, అహం అడ్డురావచ్చు, "రేపు ఎక్కడివ్వాలి?" అని కచ్చితంగా అడగొచ్చు. అలా అడిగినవాళ్ళే నాకు గుర్తుండిపోతారు.

సరిగ్గా వచ్చిందా లేదా?

రాసింది ఒకరోజు పక్కన పెట్టి, కోటు, చలి, వణుకు అన్న మాటల మీద పెన్సిలుతో గీత పెట్టుకుంటూ చదవండి. అవి లేకపోయినా సీను అర్థమైతే పాసైనట్టే. తర్వాత ఇచ్చినవాడి వైపు నుంచి ఒకసారి చదవండి, ఇచ్చిన తర్వాత కనీసం రెండుసార్లు అతని ఒళ్ళు కనబడాలి. తీసుకున్నవాళ్ళ వైపు నుంచి ఇంకోసారి చదివి, వాళ్ళు సొంతంగా చేసిన పని ఒక్కటైనా ఉందో లేదో చూడండి. ఊరికే కప్పించుకుని కూర్చుంటే అది మనిషి కాదు, కుర్చీ.

వీలైతే నిజంగానే ఒక రాత్రి డాబా మీదికి వెళ్ళి స్వెటరు విప్పి పది నిమిషాలు కూర్చోండి. నేను డిసెంబరులో చేశాను, నాలుగో నిమిషానికే చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, ఏడో నిమిషానికి కిందినుంచి మా ఆవిడ "ఏం పోయేకాలం" అంది. రెండూ కథలోకి పనికొచ్చాయి.

చివరగా ఒక చిన్న పని, దాదాపు అందరూ వదిలేసేది: జేబులు. కోటు చేతులు మారే ముందు దాని జేబుల్లో ఏమున్నాయో కాగితం మీద రాసుకోండి. చిల్లర, సగం చింపిన టికెట్, జండూబామ్, ఇంటి తాళంచెవి. అతను చొక్కాతోనే బస్సు దిగి, ఇంటి గుమ్మం ముందు నిలబడి, అలవాటుగా లేని జేబులో చెయ్యి పెట్టాడనుకోండి. ఆమె అప్పటికి ఇంకో ఊరు దాటిపోయింది.